దాలమ్మ మైకుకు పెట్టిన రెసిస్టరు

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో గణపతిరావంటే ఎవరికీ తెలియదు, మైకుల గణపతంటే అందరికీ తెలుసు. రైల్వే టెలిఫోన్ సెక్షన్లో ఉద్యోగం. మంచివాడే, పని వచ్చినవాడే. నలుగురిలో నవ్వులపాలవడమంటే మాత్రం హడలు. ఆ హడలే అతని కొంప ముంచింది.

1974 శ్రీరామనవమి ముందు కలకత్తా చాందినీ బజారు నుంచి పండగ భజన మైకుల కోసం ఆప్-ఆంప్ అనే, శబ్దం పెంచే ఎనిమిది కాళ్ల ఎలక్ట్రానిక్ ముక్క తెచ్చాడు. చూస్తే గోరంత. ఊరికే వదిలేస్తే సన్నటి శబ్దాన్ని లక్ష రెట్లు చేసి గోలపెడుతుంది. బయటికొచ్చిన దాంట్లో కొంత, కరెంటుకు అడ్డుపడే రెసిస్టరు ఒకటి మీదుగా, మళ్లీ దాని ఎదురుతిప్పే కాలికే, అంటే వచ్చినదాన్ని తలకిందులు చేసే కాలికే, అందిస్తే బుద్ధిగా ఉంటుంది. అదే కాలికి మూడు మైకులను మూడు రెసిస్టర్లతో కలిపితే మూడు గొంతులనూ కూడి ఒకటిగా పంపుతుంది. ఎవరి దారిలో రెసిస్టరు పెద్దదైతే వాళ్ల గొంతు అంత చిన్నదవుతుంది.

భజనలో పాడేవాళ్లు ముగ్గురు. అందులో దాలమ్మ గణపతిరావు భార్య. ఆవిడది తెరిచిన గొంతు, ఎత్తుకుందంటే వీధి చివరిదాకా వినపడేది. మైకులు సరిచూసిన రోజున నవమి కమిటీ పెద్ద తాతారావు, "మీ ఇంటిది పాడితే ఇంజినుకి కూత అక్కర్లేదురా గణపతీ" అన్నాడు. అందరూ నవ్వారు. దాలమ్మా నవ్వింది. గణపతిరావుకే తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆవిడ మైకు రెసిస్టరు మార్చాడు. మిగతా ఇద్దరికీ పది కిలోఓములు, కట్టుకున్నదానికి నలభై ఏడు. అంటే ఆవిడ గొంతులో దాదాపు అయిదో వంతే బయటికొస్తుంది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

పండగనాడు స్పీకర్లో తన గొంతు వినపడక దాలమ్మ బొంగురుపోయేదాకా పాడింది. మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్లు, "గొంతు తగ్గిపోనాదేటే దాలమ్మా?" అని అడిగారు. ఆవిడ నమ్మేసింది. మిరియాల కషాయం కాచుకు తాగుతుంటే గణపతిరావు చూస్తూ కూర్చున్నాడు. చెబితే ఎందుకు చేశావంటుంది, సిగ్గుపడ్డానని ఒప్పుకోవాలి.

రెండో ఏడు దాలమ్మ భజన మానేసింది. పొయ్యి దగ్గర కూనిరాగం కూడా పోయింది. ఇల్లు మూగబోయాక అతనికి తెలిసొచ్చింది, డ్యూటీ దిగగానే సైకిలు పరుగెత్తించుకు వచ్చేది ఆ గొంతు కోసమేనని. తెలిసి ఏం లాభం?

మూడో ఏడు ఆ రెసిస్టరు పీకేసి అందరితో సమానంగా పది పెట్టాడు.

"ఈసారి రా దాలమ్మా, బాగా ఇనిపిస్తాది."

"నా గొంతు పోనాది కదా," అంది ఆవిడ, బియ్యంలో రాళ్లేరుతూ.

అప్పుడు చెప్పేశాడు. తాతారావు మాట, తన సిగ్గు, మార్చిన రెసిస్టరు, అన్నీ. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆ రోజే ఓ మాట సెప్తే మెల్లగా పాడీదాన్ని కదా మావా," అంది దాలమ్మ.

చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ నవమికీ పాడలేదు, ఆ తర్వాతా పాడలేదు.