సారక్క మడిచిన తెరచాప

పెళ్లిచీరల కుచ్చిళ్లు ముందే మడిచి, ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి డబ్బాలో సర్ది ఇవ్వడం సారలమ్మ పని. ఖిలా వరంగల్‌లో అందరికీ ఆమె సారక్క. మా కాలేజీ ఉపగ్రహం జట్టుకు లీడర్ దీప. వాళ్లక్క పెళ్లిచీర మడిచింది సారక్కే. ఆ మడతలు చూసే దీప మా తెరచాప పనికి ఆమెను ల్యాబ్‌కి తీసుకొచ్చింది.

తెరచాప అంటే చాక్లెట్ కాగితంలా మెరిసే, గదంత వెడల్పు ఉన్న పల్చటి పొర. బాగా ఎత్తున గాలి ఉండదు కదా, అక్కడ మిగిలిపోయిన రాకెట్ ముక్కలు కిందికి రావు. వందల ఏళ్లు తిరుగుతూనే ఉంటాయి. అలాంటి ముక్కకు బిగించిన మా డబ్బాలోంచి తెరచాప విచ్చుకుంటే, ఎండ దాన్ని నెట్టి నెట్టి ముక్కను మెల్లగా కిందికి దించుతుంది. గాలిలోకి దిగాక కాలిపోతుంది. ఎండతో చెత్త ఊడ్చడం! ఎంత బాగుంది!

"ఎండ నెడ్తదా? గీ వరంగల్ ఎండ నన్నైతే నెడ్తలేదు, కూసోవెడ్తాంది," అని సారక్క ఒకటే నవ్వు.

మేం గీసిచ్చిన గీతల మీదే మడతలు వేసింది. గ్లోవ్స్ తొడుక్కోమంటే, "పెండ్లిపిల్ల కంటె దీనికే నఖరాలెక్కువున్నయ్," అంది. ఆమె మడిచిన నమూనాలన్నీ ల్యాబ్‌లో చక్కగా విచ్చుకున్నాయి. తర్వాత అసలుది మడిచింది. డబ్బాకు సీల్ వేసి, రాకెట్‌లో పైన మిగిలిపోయే ముక్కకు బిగించడానికి పంపేశాం.

రాకెట్ ఎగిరింది. తెరచాప తెరిచే రోజు సారక్కను ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. మూడు మూలలు విచ్చుకున్నట్టు సంకేతం వచ్చింది. నాలుగోది రాలేదు. ఆదేశం మళ్లీ పంపాం. మళ్లీ పంపాం. రాలేదు.

"ఏ మూల, బిడ్డా?"

దీప స్క్రీన్ మీద చూపించింది. సారక్క స్క్రీన్ దగ్గరికి వంగింది.

"అండ్లనే పసుపు వెట్టిన."

"పసుపేంది అక్కా?" అంది దీప.

"కొత్తబట్ట పసుపు వెట్టకుంట ఎట్ల పంపుత? గంత దూరం పొయ్యేదాయె. మీరు చాయ్‌కి పోయినప్పుడు గ్లోవ్ తీసి, జరంత తడిపి, ఒక్క బొట్టే వెట్టిన."

"మరి నమూనాలకు పెట్టలేదా?"

"ట్రయల్‌కు ఎవలన్న పసుపు వెడ్తరా, పిల్లా?"

ఆ తడికి పొరలు అతుక్కున్నాయేమో. చలికి ఆ మూలను తెరిచే స్ప్రింగే బిగుసుకుందేమో. వెళ్లి చూసేదెవరు? పసుపే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం. "నీ తప్పు కాదక్కా" అనబోయి దీప ఆగిపోయింది.

ఒక మూల పట్టేసిన తెరచాప ఎండకు గిరగిరా తిరుగుతుందే గానీ ముక్కను దించదు. అయినా రోజూ ఆదేశం పంపుతూనే ఉన్నాం. సారక్క గిరాకీ వదులుకుని వచ్చి కూర్చునేది. ఒకరోజు సంకేతాలే ఆగిపోయాయి. చెత్త తీయడానికి పంపిన డబ్బా ఆ ముక్కతో పాటు చెత్తలో కలిసింది.

"ఇగ ఎన్నేండ్లు ఉంటది గట్ల?"

"మన మనుమలు పోయినంక గూడ ఉంటదక్కా."

"గుంజేటోళ్లు ఎవలు లేరా?"

"ఇంకో తెరచాప పంపాలె," అంది దీప.

"పంపుతరా మరి?"

మాది ఆఖరి సంవత్సరం. ఇంకో రాకెట్‌లో మాకు చోటిచ్చేవాళ్లూ లేరు.

సారక్క ఫోన్ మోగింది. ఎవరో పెళ్లివాళ్లు, చీర కోసం ఆమె ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారట. "వస్తాన్నమ్మా, బయలెల్లిన," అంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.