సరోజ ఆంటీ మార్షల్ డ్యూటీ

సింగపూర్‌లో మా పుంగ్గోల్ ఫ్లాట్‌లో సామాన్ల గది తలుపు తీస్తే ఈనాటికీ కాలిన ఆముదం వాసన వస్తుంది. ఆ గదిలో సూట్‌కేసులున్నాయి, పాత ఫ్యానుంది, దీపావళి లైట్లున్నాయి. వాసన వాటిది కాదు, అన్నిటికంటే అడుగున ఉన్న నీలం ప్లాస్టిక్ పెట్టెది. అందులో అడుగున్నర పొడవున్న ఒక మాన్‌స్టర్ ట్రక్కు ఉంది. మొన్న ఆదివారం దాన్ని బయటికి లాగాను. "స్మెల్లీ లా, అమ్మా" అని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో విసుక్కుంటూ మా అమ్మాయి ముక్కు మూసుకుంది. "ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ, ఎలాగూ ఇప్పుడన్నీ బ్యాటరీవే కదా" అన్నారు మా ఆయన. ఇవ్వనన్నాను. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. వద్దు అనడానికి ప్రతిసారీ కారణం చెప్పక్కర్లేదని నాకు నేర్పిన మనిషిది ఆ బండి.

టీవీలో చూసే ఉంటారు, మనిషంత చక్రాలతో పాత కార్లను తొక్కుకుంటూ పోయే ట్రక్కులను. మావి వాటి పిల్లలు. నిమ్మకాయంత ఇంజను, చేతిలో రిమోటు. ఇంజన్లో పోసే ఇంధనంలో ఆముదం కలిసి ఉండేది, అందుకే ఆ వాసన. పెద్దవాళ్ళు బొమ్మలతో ఆడుకునేవారన్నమాట అని నవ్వేవాళ్ళకు నేను ఎప్పుడూ సంజాయిషీ ఇవ్వలేదు. వేగంగా వచ్చే ట్రక్కు చీలమండకు తగిలితే అది బొమ్మో కాదో తెలుస్తుంది. నాకు తెలిసింది, మచ్చ ఇంకా ఉంది.

సింగపూర్ వచ్చిన కొత్తలో నాకు ఇరవై నాలుగేళ్ళు. పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అనకాపల్లి దాటి బయట బతకడం అదే మొదలు. తప్పు నాదైనా కాకపోయినా ముందు సారీ చెప్పేసేదాన్ని. లిఫ్టులో ఎవరైనా నా కాలు తొక్కినా నేనే చెప్పేదాన్ని. బుకిట్ బటోక్‌లో ఒక తెలుగావిడ గది అద్దెకిస్తుందని తెలిసి వెళ్ళాను. తలుపు తీసినావిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, కత్తిరించుకున్న జుట్టు, మోచేతుల దాకా గ్రీజు. భోజనాల బల్ల మీద పేపరు పరిచి, దాని మీద ఒక ట్రక్కును ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టింది.

"చేప వండుకో, కోడి వండుకో, నాకేం లేదు," అంది నా పేరైనా అడక్కుండా. "ఆ బల్ల మీద మాత్రం కంచం పెట్టకు. సరియా?"

"సారీ ఆంటీ," అన్నాను.

"ఇంకా పెట్టలేదు కదమ్మా. సారీ ఎందుకు?"

ఆవిడే సరోజ ఆంటీ. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఆవిడ తెలుగులో అరవం, మలయ్ కలిసిపోయి ఉండేవి. "మకాన్ అయ్యిందా" అంటే అన్నం తిన్నావా అని అర్థం చేసుకోవడానికి నాకు వారం పట్టింది. ఇరవై ఏళ్ళు సిటీ బస్సు నడిపింది. ఆడమనిషి స్టీరింగు పట్టుకుందని మొదట్లో కొందరు ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగిపోయేవారట. "దిగినవాళ్ళు తరవాతి బస్సు కోసం ఎండలో నిలబడినారు," అని చెప్పి హాయిగా నవ్వేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ ట్రక్కులు ఆయన గుర్తులనుకుని జనం కళ్ళలో నీళ్ళు తెచ్చుకునేవారు. ఆయనకు ఆ చప్పుడంటేనే పడేది కాదు. రిటైరైన నెలలోనే తన కోసం తనే కొనుక్కుంది.

అప్పట్లో పుంగ్గోల్ సగానికి పైగా ఖాళీ నేల, ఈ ట్రక్కుల పందేలు అక్కడే జరిగేవి. ఆదివారం పొద్దున్నే చక్రాల సంచిలో ట్రక్కు పెట్టుకుని, బస్సులు మారి వెళ్ళేవాళ్ళం. ఇంధనం డబ్బాలు లిమ్ వ్యానులో వచ్చేవి. ఆ పందేలు నడిపేవాడు లిమ్. అందరికంటే బాగా తోలేవాడు, నోటి దురుసు మాత్రం జాస్తి. ట్రాకు మీద దిబ్బలు మేమే పారలతో పోసుకునేవాళ్ళం. వాన పడితే వారం శ్రమ గంటలో కొట్టుకుపోయేది. డ్రైవర్లు చెక్క మంచె ఎక్కి రిమోట్లు పట్టుకుని నిలబడేవారు. ట్రక్కులు దిబ్బల మీంచి ఎగిరి సగం సార్లు వెల్లకిలా పడేవి. అలా పడ్డ ట్రక్కు తనంతట తను లేవలేదు. చక్రాలు గాలిలో తిప్పుకుంటూ అరుస్తుంది, అంతే.

అందుకని ఒక నియమం ఉండేది. ఒక పందెంలో తోలినవాళ్ళు తరవాతి పందెంలో ట్రాకు మీద నిలబడి, పడిపోయిన ట్రక్కులను లేపాలి. దాన్ని మార్షల్ డ్యూటీ అనేవాళ్ళం. గెలిచినవాడికీ మినహాయింపు లేదు. పందెంలో తోలనివాళ్ళు ట్రాకు మీద అడుగు పెట్టకూడదు. అందరికీ అదొక శిక్ష. నెత్తిన ఎండ, కళ్ళలో పొగ, మంచె మీంచి డ్రైవర్ల తిట్లు. సెకను ఆలస్యమైతే చాలు, "ఫాస్టర్ లా" అని ఇంతెత్తున లేచేవారు. సరోజ ఆంటీ ఒక్కతే ఆ డ్యూటీకి ఉత్సాహంగా దిగేది. మూడో నెలలో తన రెండో ట్రక్కు నా చేతికిచ్చి, తోలడం కంటే ముందు లేపడం నేర్పింది.

"ముందు పడినదాన్ని ముందు లేపు. ఎవరిదని చూడకు. వెనక నుంచి పట్టుకో, లేకపోతే చక్రం వేలు తీసుకుపోతుంది. నిలబెట్టు, తొయ్యకు."

ఇక నేను చేసిన వెధవ పని చెప్పాలి. ఒక ఆదివారం రెండో స్థానంలో వస్తున్న ఆంటీ ట్రక్కును లిమ్ మలుపు దగ్గర కావాలని గుద్దాడు. ఆవిడ చివరి స్థానానికి పోయింది. పైగా అందరూ వినేలా "ఆంటీ, గో హోమ్ కుక్ లా" అన్నాడు, ఇంటికెళ్ళి వంట చేసుకోమని. మంచె మీద అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఖరి పందెంలో నాది మార్షల్ డ్యూటీ. లిమ్ అందరికంటే ముందున్నాడు. చివరి చుట్టులో అతని ట్రక్కు నాకు రెండడుగుల దూరంలో వెల్లకిలా పడింది. వెంటనే కాస్త అవతల ఇంకొకటి పడింది. నేను లిమ్ ట్రక్కును దాటుకుంటూ వెళ్ళి ఆ రెండోదాన్ని తీరిగ్గా నిలబెట్టాను. వెనక్కి వచ్చేసరికి లిమ్ మూడో స్థానానికి పడిపోయాడు. నా కడుపు చల్లబడింది.

తిరుగు బస్సులో ఆంటీ మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ముందు పడింది లిమ్ బండి," అంది సగం దారిలో. "నువ్వు చూసినావు. చూసి దాటిపోయినావు."

"వాడు మిమ్మల్ని కావాలని గుద్దాడు కదండీ. అందరి ముందూ ఎంత మాటన్నాడు."

"అన్నాడు. అది నేను చూసుకుంటాను. వాణ్ణి ఓడించాలని ఉంటే పైకెక్కి తోలు. కింద నిలబడి ఓడించేది ఏం పని?"

వచ్చే ఆదివారం నేను చేసింది లిమ్‌కి చెప్పమంది. చెప్పకపోతే గది ఖాళీ చెయ్యమంది. బెదిరింపనుకున్నాను. బుధవారం వచ్చేసరికి నా గది చూడ్డానికి ఎవరో అమ్మాయిని రమ్మంది. ఆదివారం లిమ్ ముందు నిలబడి అలవాటు కొద్దీ "సారీ" అని మొదలుపెట్టాను. "సారీ తరవాత. ముందు ఏం చేసినావో చెప్పు," అంది ఆంటీ వెనక నుంచి. చెప్పాను. నాకు తెలుసు అన్నట్టు తలాడించి, ఆ రోజు నాకు వరుసగా రెండు డ్యూటీలు వేశాడు లిమ్. తను గుద్దిన సంగతి మాత్రం ఒప్పుకోలేదు. మూడు వారాల తరవాత ఆంటీ అతన్ని అర చుట్టు తేడాతో ఓడించింది. రిమోటు కింద పెట్టి, గొంతు పెంచకుండా, "లిమ్, గో హోమ్ కుక్ లా," అంది. నవ్వనివాళ్ళు లేరు. లిమ్ కూడా నవ్వాడు.

ఆ తరవాత ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ దెబ్బతిని మేనేజరు నా వైపు చూసినప్పుడు, మొదటిసారిగా సారీతో మొదలుపెట్టలేదు. నేను ఏం చేశానో, ఏం చెయ్యలేదో వరుసగా చెప్పాను.

కొన్నేళ్ళకు ఆ నేల మీద ఫ్లాట్లు లేచాయి. ఇప్పుడు నేనుంటున్నది వాటిలోనే. పందేలు ఒక హాల్లోకి మారాయి. మట్టికి బదులు కార్పెట్, ఇంజన్లకు బదులు బ్యాటరీలు. ఆ రోజులే వేరు అని పాత మిత్రులు వాట్సాప్‌లో నిట్టూరుస్తుంటే నాకు చిరాకేస్తుంది. ఆ రోజుల మీద నాకూ ప్రాణమే. కాని వాళ్ళు తలుచుకునే రోజుల్లో మార్షల్ డ్యూటీ ఉండదు, అన్నీ గెలిచిన కప్పులూ ఫోటోలే. ఆ డ్యూటీ తప్పించుకోవడానికి వాళ్ళు చెప్పిన సాకులు నాకింకా గుర్తున్నాయి.

ఆంటీకి చేతుల వణుకు మొదలైంది అప్పుడే. మొదట కుడి చెయ్యి, ఏడాదిలో రెండూ. మా పందేల క్లబ్బును అప్పటికి కుర్రవాళ్ళు నడుపుతున్నారు. మంచివాళ్ళే. ముందు వరసలో ఆవిడ కోసం మెత్తటి కుర్చీ వేశారు, శాలువా కప్పారు, ఇకమీదట హాయిగా చూస్తూ కూర్చోండి ఆంటీ అన్నారు. ఆవిడ శాలువా మడిచి నా ఒళ్ళో పడేసింది.

"నాకు డ్యూటీ వెయ్యండి," అంది.

పందెంలో తోలినవాళ్ళకే డ్యూటీ అని వాళ్ళు మర్యాదగా గుర్తు చేశారు.

"అయితే తోలుతాను."

తోలింది. అది చూడ్డం కష్టమైంది. ట్రక్కు గోడకు తగిలేది, వెనక్కి వచ్చేది, వెల్లకిలా పడేది. మిగతావాళ్ళు ఇరవై చుట్లు తిరిగేసరికి ఆవిడ రెండు తిరిగింది. జనం తల తిప్పుకున్నారు. నేనూ సిగ్గుపడ్డాను. అది దాచుకోను. మంచె దగ్గరికి వెళ్ళి, "ఆంటీ, చాలండీ, అందరూ చూస్తున్నారు," అన్నాను.

"చూడనీ," అంది రిమోటు వదలకుండా. "ఇది టికెట్టు. తీసుకోకుండా బస్సు ఎక్కనిస్తారా?"

అన్నేళ్ళూ మేమంతా తోలడం కోసం లేపినవాళ్ళం. ఆవిడ లేపడం కోసం తోలుతోందని నాకు ఆ క్షణంలో తెలిసింది. పందెం ముగిసింది. మార్షల్‌కిచ్చే నారింజ రంగు చొక్కా తగిలించుకుని ఆవిడ ట్రాకు మీద తన చోట నిలబడింది. తరవాతి పందెంలో లిమ్ ట్రక్కు ఆవిడ ముందే పడింది. అతనికీ అప్పటికి జుట్టంతా నెరిసింది. ఆంటీ వంగి వెనక నుంచి పట్టుకుంది. చేతులు జారాయి, మళ్ళీ పట్టుకుంది. ఎవరో కుర్రవాడు సాయానికి కదలబోయాడు. అప్పుడు మంచె మీంచి లిమ్ గట్టిగా అరిచాడు. "ఫాస్టర్ లా, సరోజా."

కుర్రవాడు ఆగిపోయాడు. ఆంటీ ట్రక్కును నిలబెట్టింది, తొయ్యలేదు. డ్యూటీ అయ్యాక చెమటలు కక్కుతూ నా పక్కన కూర్చుంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "విన్నావా," అంది. "నన్ను తిట్టినాడు."

ఇంకో రెండేళ్ళు అలాగే చేసింది, ప్రతిసారీ చివరి స్థానంలో వచ్చి, ప్రతిసారీ తిట్లు తింటూ. ఆవిడ పోయినప్పుడు అందరూ ఎంత ముచ్చటైన ముసలావిడ అన్నారు. కాదు. మొండి మనిషి, పేచీకోరు. నన్ను గదిలోంచి వెళ్ళగొట్టడానికి సిద్ధపడింది. ఆవిడ లేక నాకు ఈ ఊరు సగం ఖాళీగా ఉంది.

ఇప్పుడు మా ఆఫీసులో ముప్ఫైమంది నా కింద పనిచేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఆగిపోతే చూసుకునే డ్యూటీ ఒకటుంది, శనివారాలు కూడా. నా హోదాలో ఉన్నవాళ్ళ పేర్లు ఆ జాబితాలో ఉండవు. "మేడమ్, మీకెందుకండీ ఇవన్నీ," అని నా పేరు రెండుసార్లు తీసేశారు, రెండుసార్లూ మళ్ళీ రాశాను. ఈ తరం వాళ్ళ పరికరాలు నాకు త్వరగా చేతికి రావు, అందుకని ముందు రోజే కూర్చుని నేర్చుకుంటాను. పోయిన శనివారం మధ్యాహ్నం ఒక సర్వరు ఆగిపోయింది. నేను తడుముకుంటూ ఉండగా, జాబితా చూసుకోని కొత్త కుర్రాడొకడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. డ్యూటీలో ఎవరు, ఎందుకింత లేటు అని. నేనే, అని రాశాను.