రామలింగం వదిలేసిన సీను

2023, దసరా వెళ్ళిన కొత్త. కోయంబత్తూరు గాంధీపురంలో కింద చీరల షోరూము, పైన మా ఆఫీసు. వీడియో గేములు మేము తయారు చేయం. వేరే దేశాల కంపెనీలు తయారు చేసినవాటిని, అమ్మబోయే ప్రతి దేశం చట్టానికీ సరిపోతాయో లేదో చూసిపెడతాం. దీన్ని కంప్లయన్స్ టెస్టింగ్ అంటారు. సెన్సారు వాళ్ళు పట్టుకోకముందే తప్పును మేము పట్టుకోవాలన్నమాట. ఆ టీముకు నేను లీడ్‌ని.

చిన్నమనూరు ద్రాక్షతోటల ఇంటి ఆడపిల్లకు ఇదేం ఉద్యోగమని చుట్టాలు అడుగుతుంటారు. అనుమానపడితే జీతమిస్తారని చెబుతాను. అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా అమ్మ దెప్పేది. ఆ గుణమే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది.

ఒక్కో దేశానికి ఒక్కో పట్టింపు. ఒక దేశం కోసం సిద్ధం చేసిన గేము ప్రతిని బిల్డ్ అంటాం. చైనాకు వెళ్ళే బిల్డులో రక్తం, పుర్రెలు కనబడితే చిక్కు. ఆస్ట్రేలియాకైతే మత్తుమందు తీసుకున్న పాత్రకు బలం పెరగకూడదు. జర్మనీలో నాజీ గుర్తు ఉంటే అది కథకు ఎందుకు అవసరమో చెప్పుకోవాలి. మన దేశం సంగతికొస్తే మ్యాపులో సరిహద్దు గీత వెంట్రుకవాసి జరిగినా ఊరుకోరు. ఇలాంటిది కనబడగానే టెస్టర్ అక్కడ ఒక గుర్తు పెడతాడు. అదే ఫ్లాగ్. ఆ ఫ్లాగులను క్లయింట్, అంటే గేము కంపెనీ, ఆయా దేశాల రేటింగ్ బోర్డులకు ముందే చెప్పుకోవాలి. ఉన్నది చెబితే మార్చుకునే దారి ఉంటుంది. దాచారని తేలితే నమ్మకం పోతుంది, ఈ పనిలో అదొక్కటే పెట్టుబడి.

ఆ నవంబరులో మేము చూసిపెట్టిన ఒక గేమును ఒక దేశం బోర్డు తిప్పికొట్టింది. ఆ దేశం పేరు ఒప్పందం ప్రకారం చెప్పకూడదు. రిఫ్యూజ్డ్ అన్నారంటే అక్కడ ఆ గేము అమ్మడానికి వీల్లేదు. అందులో ఒక ఊహాలోకపు ఊళ్ళో పండగ జరుగుతుంది. డప్పులు మోగుతుంటే మగవాళ్ళు కత్తులతో తమ గుండెల మీదే కోసుకుంటూ అడుగులు వేస్తారు. సెల్ఫ్ హార్మ్‌ను, అంటే తమను తాము గాయపరుచుకోవడాన్ని, సంబరంగా చూపించారు, పైగా ముందే చెప్పలేదు అని బోర్డు అభ్యంతరం.

మర్నాడే క్లయింట్ మేనేజరు వీడియో కాల్‌లోకి వచ్చింది.

"మీ టెస్టర్ చెట్టు వెనక పడి ఉన్న బీరు సీసాకు కూడా ఫ్లాగ్ పెట్టాడు. కత్తులతో కోసుకునే గుంపు మాత్రం కనబడలేదా? ఇది మమ్మల్ని నమ్మమంటారా?" అంది.

నేను మా రిపోర్టు తెరిచేలోపే ఆవిడే మళ్ళీ అందుకుంది.

"ఇదే సీజనుకు మా పోటీ కంపెనీ గేము కూడా వస్తోంది. మీ వాడి చెయ్యి ఎవరైనా తడిపారేమో చూడండి. అదే నిజమైతే ఇంకెక్కడా అతని చేతికి బిల్డ్ రాదు."

ఆ టెస్టర్ రామలింగం. మగ్గం నేసే దేవాంగుల ఇంటివాడు, ముప్పై దాటినవాడు. ఇంట్లో తెలుగు, చదివింది తమిళం, పని ఇంగ్లీషు, మాలో చాలామందిలాగే. అందుకే మా మాటల్లో 'నే' అనాల్సిన చోట తమిళ 'దా', 'కదా' అనాల్సిన చోట 'దానే' దొర్లుతుంటాయి. కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తాడని క్లయింట్లే మెచ్చుకున్న మనిషి. అందుకే నాకు అనుమానం ఎక్కువైంది. చూపు ఆననివాడు వదిలేశాడంటే సరే అనుకోవచ్చు, ఇతను వదిలేశాడంటే ఎలా అనుకోను? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తీరిక లేదేమో, నాకుంది. అతని కంప్యూటరు రికార్డులు తీశాను. ఆ సీనును తొందరలో దాటేయలేదు సరికదా, వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూశాడు.

పిలిచి అడిగాను. "తంబీ, ఈ సీను ఇన్నితూర్లు ఎందుకు చూసినావు?"

"బాగుండాదక్కా. డప్పుకి అడుగు సరిగ్గా పడతా ఉండాది. అందుకు దా."

"కత్తుల్తో కోసుకుంటా ఉండారు కదప్పా!"

అతను స్క్రీను వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆమా, అవును..." అని ఆగిపోయాడు. ఆ పూటంతా తేలు కుట్టిన దొంగలా నోరు విప్పలేదు. ఇంకేం, దొరికాడనుకున్నాను.

సాయంత్రం టీ కొట్టు దగ్గర తనే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, విజయదశమికి మా కులదేవత సౌడమ్మను ఊరేగింపుగా పిలుస్తాం. 'వేసుకో తాయే, తీసుకో తాయే' అని గుండె మీద కత్తి వేసుకుంటా పిలిస్తే దా ఆమె కోయిలుకి, గుడిలోకి వస్తాది. మా తాత వేసుకున్నాడు, మా నాయన వేసుకున్నాడు, నేనూ వేసుకుంటా ఉండా. పసుపు పూసుకుని ఇంటికి పోతాం. అది కోసుకునేది అని నాకు తోచనే లేదక్కా. అమ్మను పిలిచేది అని దా చూసినా."

ఆ ఊరేగింపు నేనూ చూశాను, దూరంగా నిలబడి, సగం కళ్ళు మూసుకుని. అయినా నమ్మలేదు. ఇంత చక్కగా అతికే కథ వింటే నాకు నమ్మకం పుట్టదు. పొద్దంతా నోరు విప్పనివాడు సాయంత్రానికి ఇంత చెబుతున్నాడంటే, మధ్యలో అల్లుకుని వచ్చాడేమోనని తోచింది.

విన్నది విన్నట్టు క్లయింటుకు చెప్పాను. ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. "ఆ ఊరేగింపులో అతను ఉన్న వీడియో పంపించండి. చూసి నమ్ముతాం" అంది.

రామలింగం ఇవ్వనన్నాడు.

"ఉద్యోగం పోతాది తంబీ. తర్వాత ఎవరూ పనియ్యరు. బిడ్డ ఇప్పుడు దానే స్కూల్లో చేరింది?"

"పోనీ అక్కా. అది చూసి వాళ్ళు ఏమి రాస్తారో నాకు తెలుసు. అట్ల రాసేది నా పని దానే? మా నాయన గుండెను చూసి సెల్ఫ్ హార్మ్ అని రాస్తారు. సామిని వాళ్ళ ముందర పెట్టి మార్కు వేయించేది నావల్ల కాదు."

నాకు ఒళ్ళు మండింది. "వీడియో ఉండాదా అసలు?" అనేశాను.

అతను నన్నొక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ చూపు గుచ్చుకుంది. అయినా అనుమానం నన్ను వదల్లేదు. వీడియో లేకుండా అతని మాట నిజమో అబద్ధమో తేల్చే దారి ఏదని ఆలోచించాను. మామూలుగా మా పనిలో చేసేదే చేద్దామనుకున్నాను. దేనిమీదైనా సందేహం వస్తే, విషయం చెప్పకుండా కొత్తవాళ్ళకు చూపించి ఫ్లాగులు పెట్టమంటాం. దాన్ని బ్లైండ్ టెస్ట్ అంటారు.

అకౌంట్సులో సౌడేశ్వరి అని ఒకామె కొత్తగా చేరింది. సేలం పక్క దేవాంగుల పిల్ల. "మా టీములో రామలింగం తెలుసునా?" అని ముందే అడిగి చూశాను. "ఎవరక్కా అతను?" అంది. ఆమెతో పాటు ఒక మలయాళీ కుర్రవాణ్ణి, ఇద్దరు కోయంబత్తూరు తమిళులను కూర్చోబెట్టాను. రకరకాల గేముల ముక్కలు కలిపి ఇచ్చి, రక్తం, గాయం కనబడిన చోటల్లా గుర్తు పెట్టమన్నాను. నేను సౌడేశ్వరి వెనకే నిలబడ్డాను.

ఒక సైనికుడు ప్రమాణం చేస్తూ అరచెయ్యి కోసుకునే ముక్క వచ్చింది. వెంటనే ఫ్లాగ్ పెట్టింది. పిల్లాడి మోకాలు గీసుకుపోయింది. దానికీ పెట్టింది. ఇక పండగ సీను రాగానే పక్కన మలయాళీ కుర్రవాడు "అయ్యో" అని ముఖం తిప్పుకుని ఫ్లాగ్ కొట్టాడు. తమిళులిద్దరూ కొట్టారు. సౌడేశ్వరి చెయ్యి మౌసు మీదనుంచి లేచింది. బల్ల కింద కాళ్ళు మెల్లగా చెప్పుల్లోంచి బయటికొచ్చాయి. గుళ్ళోలాగా రెండు చేతులతో చెంపలు తట్టుకుని, ఆ సీను అయిపోయేదాకా అలాగే కూర్చుంది. ఫ్లాగ్ పెట్టలేదు.

"ఇందులో ఏమీ లేదామ్మా?" అన్నాను.

"దీంట్లో ఏముండాదక్కా? సామి పండగ."

రామలింగం ఏమీ దాచలేదు. అతనికి నిజంగానే అక్కడ గాయం కనబడలేదు. అంత అనుమానమూ ఒక్కసారిగా దిగిపోయేసరికి, సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఎవరెవరు ఎక్కడెక్కడ ఫ్లాగ్ పెట్టారో మాత్రమే క్లయింటుకు పంపాను. చెప్పులు విడిచిన సంగతి పంపలేదు, అది సౌడేశ్వరి సొంతం. క్లయింట్ మేనేజరు ఎంతో సణిగి చివరికి ఒప్పుకుంది. రామలింగం ఉద్యోగం నిలబడింది. ఆ దేశం బిల్డులో కత్తులు తీసేసి పూలదండలు పెడతామన్నారు. మిగతా దేశాలకు కత్తులు ఉంటాయి, ముందే చెబుతారు. మేనేజరు మాత్రం ఒక్క షరతు పెట్టింది: ఆ సీనుకు ఇప్పుడైనా రామలింగం తన చేత్తోనే ఫ్లాగ్ పెట్టాలి, అతనికి అర్థమైందని వాళ్ళకు తెలియాలి.

ఆ రోజు నుంచి కొత్త బిల్డ్ ఎవరికిచ్చినా ముందు ఒక మాట అడుగుతున్నాను. "దీంట్లో మీ ఇంటి సంగతి ఏమైనా ఉంటే చెప్పండి, ఆ భాగం ఇంకొకరికి ఇస్తా." ఎందుకడుగుతానో తెలియక కొత్తవాళ్ళు నన్నే అనుమానంగా చూస్తారు.

రామలింగానికి ఆ బిల్డ్ ఇచ్చిన రోజున మాత్రం నేను అడగలేదు. క్లయింట్ షరతు తీర్చడానికి అతను వచ్చి కూర్చుని సీను తెరిచాడు. ఫ్లాగ్ రకాల వరుసలో సెల్ఫ్ హార్మ్ అన్న మాట దగ్గర బాణం ఆగింది. చాలాసేపు ఆగింది. నేను పెడతానని చెయ్యి చాపాను. తల అడ్డంగా ఊపి తనే నొక్కాడు.

"అంతే దానే, అయిపోయింది తంబీ" అన్నాను.

"మీకు అయిపోయిందక్కా," అన్నాడు రామలింగం, స్క్రీను మీదనుంచి చూపు తిప్పకుండా. "వచ్చే దసరాకి కత్తి ఎత్తినప్పుడు నాకు ఈ మాట దా గుర్తుకొస్తాది."

గేములోంచి కత్తులు తీసేయడం క్లయింటుకు ఒక పూట పని. మనిషి మనసులో మేము పెట్టించిన ఫ్లాగు తీయడం మాత్రం మాకెవరికీ చేతకాదని నాకు ఆ రోజే తెలిసింది.