మా ఊరికి రండి

షార్జా అల్ నహ్దాలో మా ఎదురు ఫ్లాట్‌లోకి 2023లో ఒక అఫ్గాన్ ఆవిడ వచ్చింది, పన్నెండేళ్ళ కూతురితో. కాబూల్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. భర్త పోయాక, ఇక్కడ కంపెనీలో పనిచేసే అన్న పంచన చేరింది. ఐక్యరాజ్యసమితి వాళ్ళు తల్లీకూతుళ్ళను శరణార్థులుగా గుర్తించారు. ఆ గుర్తింపు ఇక్కడ వీసాకి పనికిరాదు, వేరే దేశం తీసుకోవాలి. అమెరికా తీసుకుంటానంది. అక్కడ ఐదేళ్ళుంటే పౌరసత్వం కూడా వస్తుందట.

“బాజీ, ఇంగ్లీషు నేర్పుతారా?” అని ఒకరోజు తలుపు కొట్టింది. ఆవిడకి ఉర్దూ వచ్చు, నేను కరీంనగర్ దాన్ని, నాకూ వచ్చు, మాటకి లోటు లేదు.

“నీకెందుకే ఈ లొల్లి? మన వీసాలు మనం కాపాడుకుంటే సాలదా?” అన్నాడు మా ఆయన.

వద్దన్న పని చేసి తీరే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మధ్యాహ్నాలు నేను కూరలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని పాఠం చదివేది. ఇంగ్లీషుతో ఆగలేదు. పౌరసత్వ పరీక్షలో అడిగే ప్రశ్నలు ఫోన్లో వెతికి మరీ బట్టీ పట్టేది. ఇంకా విమానమే ఎక్కలేదు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. అర్థం విడమరిచి చెబితే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇన్నేళ్ళుగా ఇక్కడుండి రెండేళ్ళకోసారి వీసా కోసం బిక్కుబిక్కుమనే నేను పౌరసత్వానికి పంతులమ్మని, నవ్వక ఏం చేస్తుంది?

వైద్య పరీక్షలయ్యాయి. సూట్‌కేసులు కొన్నారు. 2025 మొదట్లో అమెరికా శరణార్థులను తీసుకోవడం ఆపేసింది. ఎప్పటిదాకా అంటే చెప్పే నాథుడు లేడు. ఆ ఎండాకాలంలోనే, ఆవిడకి వీసా ఇచ్చిన అన్నగారి కంపెనీ మూతపడింది. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఖలాస్, అయిపోయింది అనేసి చేతులు దులుపుకున్నాడు. వీసా పోతే తిరిగి కాబూలే. అక్కడ ఆ వయసు ఆడపిల్లకి బడి లేదు. నేను ఫోన్ చేయని ఆఫీసు లేదు. ఒకచోట వేచి చూడమన్న అమ్మాయి మీద అరిచేశాను. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశాను.

చివరికి వాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. వెళ్ళిన రోజు కంటే, అంతకుముందు ఒక మధ్యాహ్నం నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆ రోజు ఇద్దరూ మంచి బట్టలు వేసుకుని వచ్చారు. చాయ్ వద్దన్నారు.

“బాజీ, మేము మీ ఊరికి వస్తాం,” అంది తల్లి.

“మా ఊరికా?” అన్నాను.

“మీరే అన్నారుగా, మా కరీంనగర్ రండి, మా ఇల్లు మీ ఇల్లే అని. ఎన్నిసార్లన్నారో! బడిలో ఊడ్చే పనైనా చేస్తా. దీన్ని చదవనిస్తే చాలు.”

అన్నాను, నిజమే. గుమ్మం దాటే ప్రతివాళ్ళనీ అంటాం. అనకపోతే మర్యాద కాదు. ఎవరూ రారన్న ధైర్యంతోనే అంత గట్టిగా పిలుస్తాం. ఆ పిలుపును పట్టుకుని ఒక మనిషి బతుకు కట్టుకుంటుందని నాకేం తెలుసు? నేను పిలిస్తే సరిపోదు, దేశం పిలవాలి. ఆ మాట ఆవిడకి ఏ నోటితో చెప్పను?

తల్లి కూతురి భుజం తట్టింది. ఇంటర్వ్యూకి నిలబడ్డట్టు పిల్ల లేచి నిలబడింది. ఎవరి దగ్గర నేర్చుకుందో, తెలుగులో, “మాది కరీంనగర్,” అంది.

కుదరదని తల అడ్డంగా ఊపాను.

పిల్ల మొహం చిన్నబోయింది. “తప్పు పలికానా ఖాలా?” అని ఉర్దూలో అడిగి, నేను నోరు తెరిచేలోపే మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, “మా… ది… కరీం… నగర్.”