ఉత్తరపు రాజుతో సంధి

ఉత్తరపు రాజు మొదటిసారి సంధికి కబురు పంపినప్పుడు నేను నమ్మలేదు. సరిహద్దు మీద అతని గుర్రాలు నా గుర్రాలకి రెట్టింపు ఉన్నాయి. గెలిచే స్థితిలో ఉన్నవాడు సంధి ఎందుకు అడుగుతాడు? కంప్యూటర్ తెర మీద తెల్లగడ్డంతో చిరునవ్వు నవ్వుతూ, మన స్నేహం కలకాలం నిలవాలని ఇంగ్లిషులో రెండు వాక్యాలు చెప్పాడు. యుద్ధం ప్రకటించేటప్పుడు కూడా అతనిది అదే చిరునవ్వు. నా అనుమానమంతా అక్కడే.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. మాది తణుకు పక్కన పల్లెటూరు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను కంప్యూటర్ కోర్సులో చేరానని ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి కొని ముందుగదిలో పెట్టారు. కోర్సులో నేర్చుకున్నది మూడు నెలల్లో మరిచిపోయాను. సెంటర్లో మేడమ్ కాపీ చేసి ఇచ్చిన సీడీల్లోని ఆటలు మాత్రం మిగిలాయి. తుపాకులతో కాల్చేవి, కార్లు పరిగెత్తించేవి నాకు పడలేదు. రాజ్యాలు ఏలేవి, మనమే ఒక పాత్రగా మారి ఊళ్ళు తిరిగేవి, ప్రభుత్వాలు నడిపేవి నన్ను పట్టుకున్నాయి. మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపూ ఆడేదాన్ని. నా ఎదురుగా కూర్చుని నాతో ఆడే మనిషి అక్కర్లేకపోవడం ఆ ఆటల్లో నాకు నచ్చిన మొదటి గుణం.

అయితే నచ్చినవాటిని నమ్మడం నాకు చేతకాదు. పాత్రగా మారి తిరిగే ఆటల్లో ఎవరైనా పలకరిస్తే, మనం చెప్పదగిన జవాబులు నాలుగు తెర మీద కనిపిస్తాయి. ఒకటి ఎంచుకోవాలి. ఎంతసేపు ఆలోచించినా ఎదుటివాడు విసుక్కోకుండా నిలబడతాడు. చుట్టాలు వస్తే వంటింట్లోకి జారుకునే నాకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ఒకరోజు ఒకే ప్రశ్నకి, వెనక్కి వచ్చి వచ్చి, నాలుగు జవాబులూ చెప్పి చూశాను. మర్యాదగా చెప్పినా, పొగరుగా చెప్పినా, అబద్ధం చెప్పినా అతను ఒకే మాట అన్నాడు. నాలుగు తలుపులూ ఒకే గదిలోకి తెరుచుకుంటున్నాయి. ఆ తర్వాత ఆ ఆటలో ఎవరు ఆప్యాయంగా మాట్లాడినా లోపల ఏ గది ఉందో అని చూసేదాన్ని.

ప్రభుత్వాలు నడిపే ఆటల మీద ఇంకా అనుమానం. పన్ను కొంచెం తగ్గిస్తే మర్నాటికల్లా జనం సంతోషించారని మంత్రి వచ్చి చెబుతాడు. మా ఊళ్ళో మర్నాటికల్లా ఎవరైనా దేనికైనా సంతోషించడం నేను చూడలేదు. ఒక ఆటలో కాలువ తవ్వగానే దాని పొడవునా పొలాలన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. ఎగువ లేదు, శివారు లేదు. మాకున్న రెండెకరాలూ కాలువ శివారులో ఉన్నాయి. రెండో పంట దాళ్వాకి మా వంతు నీళ్ళు వచ్చేసరికి ఎగువ వాళ్ళు ఎరువు కూడా చల్లేసేవారు. ఒక్క మడి కూడా ఎండకుండా రాజ్యం నడుస్తోందంటే, ఎండినవాటిని ఎక్కడో దాచారనే నాకు అనిపించేది.

వీటన్నిటికంటే రాజ్యాలు ఏలే ఆటే నయం. అక్కడ మోసం ఉందని ఆటే ఒప్పుకుంటుంది. ఎవరు మాట తప్పుతారో ముందే కనిపెట్టడమే ఆట. కానీ మాట ఇచ్చిన సంగతి ఆటకి గుర్తుండదు, మనమే గుర్తు పెట్టుకోవాలి. అందుకని నా డైరీలోనే రాసుకునేదాన్ని. రోజూ రాసే సంగతులు, చదివిన పుస్తకాల మాటలు, వాటి మధ్య ఇవి:

"రాజు మళ్ళీ కబురు చేశాడు. పిల్లనిస్తే సంధికి ఒప్పుకుంటాడట. నమ్మొచ్చా? దక్షిణం వాళ్ళకి తెలిస్తే యుద్ధమే."

ప్రతిసారీ ఉత్తరపు రాజు అని పూర్తిగా రాయడం బద్ధకమై వట్టి "రాజు" అని రాసేదాన్ని.

ఆ ఎండాకాలం చివర రాజమండ్రిలో ఎమ్మే సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకోవాలి. నేను అడిగి తెచ్చుకున్నది నా జీవితంలో అదొక్కటే. నాన్న సరేనన్నారు. అమ్మ హాస్టల్ తిండి గురించి గొణిగి, చివరికి పచ్చళ్ళ సీసాలు కడగడం మొదలుపెట్టింది. సోమవారం లోపల వెళ్ళి చేరాలి. చేరకపోతే సీటు పోతుంది.

ఆ సోమవారానికి రెండు వారాల ముందు నుంచి ఇంట్లో గాలి మారింది. నేను టైలరు దగ్గరికి బయల్దేరితే అమ్మ చెప్పులేసుకుని వెంట వచ్చేది. ఫోను మోగితే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి తనే తీసేది. కడిగిన సీసాలు మళ్ళీ అటకెక్కాయి. ఒకరోజు నాన్న పేపరు మడుస్తూ, నా వైపు చూడకుండా, "వచ్చే ఏడాది చేరితే ఏమవుతుందమ్మా?" అన్నారు. ఎందుకని అడగాలనుకున్నాను. అడగలేదు.

డైరీ బట్టల కింద పెట్టేదాన్ని. అందులో గుర్తుకి పెట్టుకున్న బస్సు టిక్కెట్టు ఒకరోజు నాలుగు పేజీలు వెనక్కి ఉంది. ఎవరో చదువుతున్నారు. అమ్మ అనుకోలేదు. నా గొలుసుకట్టు రాత అమ్మకి అర్థం కాదని నా ధీమా. వందల మంది పిల్లల చేతిరాతలు దిద్దిన నాన్నే అయి ఉండాలి. ఆ రోజు డైరీలో రాశాను: "ఈ ఇంట్లో ఎవర్నీ నమ్మకూడదు."

తర్వాత ఆట నేర్పిన పని చేశాను. శత్రువుకి మన సంగతులు ఎవరు చేరవేస్తున్నారో తెలియకపోతే, ఒక దొంగ కదలిక చూపించాలి. ఎటు కంగారు పుడుతుందో చూడాలి. నాకు ఆటలో పడవలే లేవు. అయినా రాశాను: "శుక్రవారం పొద్దున్నే పడవలో దాటాలి. రాజు అవతలి ఒడ్డున ఉంటాడు. ఎవరికీ చెప్పకూడదు." నాన్న చదివితే నవ్వాపుకోలేక, "పడవలెక్కడివమ్మా నీకు?" అని ఎప్పుడో ఒకప్పుడు అంటారు, దొరికిపోతారు. నా ఎత్తు అది.

శుక్రవారం నాన్న బడికి వెళ్ళలేదు. వీధరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గేటుకి తాళం ఉంది. అమ్మ పెరటి గుమ్మంలో చేట ముందు పెట్టుకుని కూర్చుంది, చేటలో బియ్యం లేవు. తొమ్మిదింటికి ఫోను మోగింది. అమ్మ పెరట్లోంచి లేచి వచ్చేలోపు నేను తీశాను. నరసాపురంలో ఉండే మా మేనత్త.

"వదినా, రెండు పంట్లు గోదావరి దాటాయి. పిల్ల జాడ లేదు. రేవులోనే కూర్చున్నాను, లేసు అల్లుకుంటున్నట్టు. అవతల నుంచి దిగినోళ్ళలో మీసాలున్నోళ్ళు నలుగురున్నారు గానీ, రాజుల కుర్రాడిలా ఎవడూ లేడు. ఇంతకీ మనది ఏ రంగు ఓణీ వేసుకుంది?"

"అత్తయ్యా, నేనేనండి."

"అదేంటే, నువ్వింకా బయల్దేరలేదా?"

నా చేతిలోంచి ఫోను అమ్మ లాక్కుని పెట్టేసింది. నాన్న లోపలికి వచ్చారు.

"ఎవడే ఆ రాజు?" అంది అమ్మ.

"ఏ రాజు?"

"నన్నడుగుతావేంటి? నువ్వు రాసిన రాజు!"

నాకప్పుడు తట్టింది. "ఉత్తరపు రాజమ్మా," అన్నాను.

"ఉత్తరాలు కూడా రాసుకుంటున్నారా! చూశారా అండి, నేను చెప్పలేదూ?"

"ఉత్తరాలు కాదమ్మా, ఉత్తరం వైపు."

"ఉత్తరం వైపంటే? కొవ్వూరు వాళ్ళా?"

"తొందరపడకే, చెప్పనీ," అన్నారు నాన్న.

"పిల్లనివ్వమని కబురు చేశాడంట," అమ్మ వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పింది. "దక్షిణపింటివాళ్ళకి తెలిస్తే యుద్ధమంట. మీ అన్నగారికి తెలిస్తే యుద్ధం కాక హారతులు పడతారా? పడవలో దాటాలంట. నరసాపురం రేవు కాకపోతే ఇంకేం రేవుంది మనకి?"

మా పెదనాన్నది మా ఇంటికి దక్షిణం వైపు ఇల్లు. ఊళ్ళో అందరూ వాళ్ళని దక్షిణపింటివాళ్ళనే అంటారు. నేను ఏనాడూ ఆ రెండిటినీ కలిపి చూడలేదు.

నోటితో చెప్పలేక కంప్యూటర్ దగ్గరికి నడిచాను. అది లేవడానికి ఎప్పుడూ పట్టేంత సమయమే పట్టింది, మేం ముగ్గురం మాత్రం దాని ముందు ఆసుపత్రిలో నిలబడ్డట్టు నిలబడ్డాం. రాజ్యం తెరుచుకుంది. సరిహద్దు చూపించాను, దక్షిణం వాళ్ళ కోట చూపించాను. కబుర్ల పట్టిక తెరిస్తే తెల్లగడ్డం వచ్చింది.

"ఇతనా?" అంది అమ్మ.

"ఊ."

అమ్మ కళ్ళజోడు సవరించుకుని బాగా దగ్గరికి వంగింది. "ఈ వయసులో ఇంకో పెళ్ళేంటి ఇతనికి?"

"కొడుక్కమ్మా."

నాన్న కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "మా చెల్లి పొద్దున్నుంచీ రేవులో ఎండకి మాడుతోందే!" అన్నారు. అమ్మ నవ్వలేదు. తెర మీది రాజుని ఇంకా చూస్తూనే ఉంది.

"గొలుసుకట్టు రాతని నెల్లాళ్ళు కూడబలుక్కుని చదివాను," అంది. "రాజు బొమ్మే. యుద్ధమూ బొమ్మే. మరి ఈ ఇంట్లో ఎవర్నీ నమ్మకూడదని రాశావు. ఆ ఇల్లు కూడా ఇందులోదేనా?"

నాన్న నవ్వు ఆగిపోయింది. ఇందులోదే అనేస్తే అయిపోయేది. సీసాలు అటక దిగేవి. అమ్మ ముఖంలో ఆ జవాబు కోసం ఆశ కూడా కనిపించింది.

"కాదమ్మా," అన్నాను. "అది ఈ ఇల్లే. నా డైరీ ఎవరో చదువుతున్నారని తెలిసి రాశాను."

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజూ, మర్నాడూ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టినప్పుడు కూడా నాన్నతో చెప్పింది, దానికి పెరుగు వెయ్యమని. సీటు పోయిందనే అనుకున్నాను. నిజం చెప్పి నేనే పోగొట్టుకున్నానని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం సాయంత్రం నాన్న, "రేపే ఆఖరి రోజు," అన్నారు గాలితో చెబుతున్నట్టు.

"తెలుసు," అంది అమ్మ. "నేనూ వస్తాను. ఆ హాస్టలేంటో నా కళ్ళతో చూడాలి."

సోమవారం ముగ్గురం మొదటి బస్సుకి బయల్దేరాం. ఆఫీసులో సంతకాలయ్యాయి. హాస్టల్లో అమ్మ గదులు చూసింది, కిటికీ గడియలు లాగి చూసింది, పంపు తిప్పి నీళ్ళు రుచి చూసింది. వార్డెన్ గారు పెద్దావిడ, నిబంధనలు చదివి వినిపించారు. గేటు వేళలు, ఫోను వేళలు. నెలకొకసారి పిల్లల పెట్టెలు కూడా తనిఖీ చేస్తామని చెప్పారు.

"మంచిదండి," అంది అమ్మ. మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఏమండీ, దీని దగ్గర రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుందండి. అది మాత్రం తెరవకండి. అందులో రాజులు అవీ ఉంటాయి, మీరు కంగారుపడతారు. నేను మొత్తం చదివేశాను, ఏం లేదండి."

వార్డెన్ గారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. మొత్తం చదివేశానని అమ్మ చెప్పింది ఆవిడతోనో, నాతోనో నాకు ఇప్పటికీ తెలియదు.