మోచేతి కొలత

రెండువేల రెండవ సంవత్సరం, జూలై తొమ్మిది, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నని తుంపర పడుతూనే ఉంది. గొడుగు వేసుకుంటే సిగ్గు, వేసుకోకపోతే జలుబు అనిపించే రకం తుంపర. రాళ్ళ గోదాములో వరుసగా నిలబెట్టిన పలకలన్నీ తడిసి మెరుస్తున్నాయి.

"ఇవాళ రాకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు మేస్త్రీ. "తడిస్తే ప్రతి రాయీ అందగత్తే. ఎండాక చూడాలి దాని అసలు మొహం."

ఆమె సంచిలోంచి తువ్వాలు తీసి, ఒక్కొక్క పలక మీద జానెడు మేర తుడిచి, తడి ఆరేదాకా నిలబడి చూసింది. ముప్పై ఏళ్ళుగా రాళ్ళు కోస్తున్న మేస్త్రీకి తువ్వాలుతో వచ్చిన మనిషి అంతవరకు తారసపడలేదు.

ఇంట్లో ఆమెను నల్లరాయి అంటారు. పెళ్ళయిన మూడో రోజున అత్తగారు పెట్టిన పేరు అది. నల్లనైన రాయి అని విగ్రహవాక్యం. విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం. కర్మధారయం అన్న పారిభాషిక పదాన్ని పెట్టిన పండితుడు ఏ అర్థంలో పెట్టాడో గాని, ఆమె మాత్రం ఆ సమాసాన్ని కర్మగానే ధరించింది. పద్దెనిమిదేళ్ళు.

ఆ పద్దెనిమిదేళ్ళూ ఆమె వండింది నేల మట్టం నుంచి మూడడుగుల ఎత్తున్న సిమెంటు గట్టు మీద. పొడుగరి అయిన అత్తగారి కాలంలో కట్టించినది. ఆమె పొట్టి. అందుకని కాళ్ళ కింద చెక్కపీట. పొయ్యి దగ్గరి నుంచి తొట్టి దగ్గరికి వెళ్ళాలంటే పీట దిగాలి, మడమతో దాన్ని నెట్టాలి, మళ్ళీ ఎక్కాలి. తెలుగులో గట్టెక్కడం అంటే కష్టంలోంచి బయటపడటం. ఆమె రోజుకు నూరుసార్లు పీట ఎక్కేది. గట్టెక్కిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. పీట వేసుకున్నా వెనక వరస గిన్నెలకు చెయ్యి చాచవలసిందే. అలా చాచి చాచి కుడి భుజం బిగుసుకుపోయింది. మోచేతికి కిందుగా పని చేసుకోవాలనీ, లేకపోతే ఆ చెయ్యి ఇక లేవదనీ డాక్టరు తేల్చి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారి చిన్నకొడుక్కి సంబంధం కుదిరింది. కొత్తకోడలు వస్తోందని, బీటలు వారిన సిమెంటు గట్టు కొట్టించి రాతిగట్టు వేయిద్దామన్నారు. రాయి ఎంచే పని నల్లరాయికి అప్పజెప్పారు, వానలో తిరగడానికి మరెవరికీ ఓపిక లేక. తన చెయ్యి నిలబడాలంటే కొత్త గట్టు తన ఎత్తుకు రావాలి. ఆమె ఆశంతా ఆ ఒక్క కొలత మీదే ఉంది.

గోదాము నుంచి నాలుగు రకాల విరిగిన రాతిముక్కలు అడిగి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున పెరట్లో వాటిని వరుసగా పేర్చి, ఒక్కొక్క దాని మీద ఒక మూల నిమ్మచెక్క, ఒక మూల పాలు లేని టీ, ఒక మూల నూనెబొట్టు, నడుమ పొయ్యి మీంచి దించిన ఇనుపమూకుడు పెట్టి, సాయంత్రం దాకా వదిలేసింది. తెల్లని పాలరాయి నిమ్మరసం తగిలిన చోట చూపు తగ్గిన కన్నులా మసకబారింది. పసుపుపచ్చది నూనె తాగేసింది. బూడిదరంగుది టీ మరకను తన చారల్లో కలుపుకుంది. నల్లది కడిగితే ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఇదే అత్తయ్యా," అంది ఆమె. "మరక పట్టదు, అరగదు. తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటే చాలు."

అత్తగారు ముక్కను చేతిలోకి తీసుకుని, కోడలి బుగ్గ పక్కన పెట్టి చూసింది.

"రాయి రాయినే ఏరుకొచ్చింది చూశావుట్రా!" అంది కొడుకుతో. "మీ నాన్న కూడా అచ్చం ఇలాగే చూసి తెచ్చాడు దీన్ని. ఎంత వాడినా అరగదు, పోషణ అక్కర్లేదు అని."

పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, పేపరు వెనక నుంచి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కొలత పడేదాకా ఎవరినీ నొప్పించకూడదని అనుకుంది.

శనివారం పాత గట్టు కొట్టేశారు. మేస్త్రీ కొలబద్ద, పెన్సిలు పట్టుకుని వంటింటి గోడ దగ్గర నిలబడ్డాడు. అతని పద్ధతి పుస్తకాల్లో ఉన్నది కాదు. వండే మనిషిని గోడ పక్కన నిలబెట్టి, మోచేయి మడవమని, ఆ మడతకు జానెడు కిందుగా గీత గీసేవాడు. ఆ గీతే గట్టు.

"వండేది ఎవరండీ?" అని అడిగాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వండేవాడు అంటే మగమనిషే, సందేహం లేదు. వండేది అంటే మనిషి కావచ్చు, గిన్నె కావచ్చు, పూర్తిగా వంట అనే పనే కావచ్చు. ఏకవచనంలో మన వ్యాకరణం స్త్రీని వస్తువుల బంతిలో కూర్చోబెట్టింది. వండేవారు అని బహువచనం చేస్తే ఆమెకు మనుషుల సరసన చోటు దొరుకుతుంది. కాని ఆ ఇంట్లో వండేది ఒక్కతే కనుక బహువచనంతో అవసరం పడలేదు.

ఆమె తడిచేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది. పీట లేకుండా. మోచేయి మడిచింది. మేస్త్రీ జాన పెట్టి కొలిచి, రెండున్నర అడుగుల దగ్గర గీత గీశాడు. ఆమె ఆ గీత మీద అరచెయ్యి ఆన్చి చూసుకుంది. భుజం కదల్లేదు. నొప్పి లేదు.

"ఏమయ్యా మేస్త్రీ!" అత్తగారు గుమ్మంలోంచి అంది. "అదేమన్నా గట్టా, చంటిపిల్లల బల్లా?"

"ఈవిడ కొలతేనమ్మా."

"ఈవిడ కొలత ఎవడు అడిగాడు? వచ్చే నెలలో చిన్నకోడలు వస్తోంది. నా అంత పొడుగు పిల్ల. నా మోచేతికి పెట్టు." ఆవిడ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"వండేది ఈవిడ కదమ్మా? ఎత్తు పెరిగితే భుజాలు పోతాయి."

"ఈవిడకి పీట ఉందిగా."

ఆమె దాచుకున్న మాట అప్పుడు బయటికి తీసింది. "అత్తయ్యా, నా చెయ్యి లేవడం లేదు. డాక్టరు గారు కూడా చెప్పారు…"

"చెయ్యి లేవకపోతేనేం? పీట మీద నువ్వు లేస్తావుగా."

ఆమె భర్త వైపు చూసింది. అతను పేపరు మడిచి, ఆలోచించి మరీ జవాబు చెప్పాడు. "రాయి వేస్తే ముప్పై ఏళ్ళు ఉంటుంది. నీ భుజం అన్నాళ్ళు నొప్పి పెడుతుందా ఏమిటి? అమ్మ చెప్పింది కానివ్వు."

మేస్త్రీ బొటనవేలు నీళ్ళలో ముంచి గీతను చెరిపాడు. సరిగ్గా పోలేదు, సున్నం మీద బూడిదరంగు మరకలా పరుచుకుంది. దానికి అర అడుగు పైన కొత్త గీత పడింది.

చిన్నకోడలు వచ్చింది. మంచినీళ్ళకు తప్ప వంటింట్లో అడుగు పెట్టలేదు. నాలుగు నెలలు తిరక్కుండా భర్తతో వేరు కాపురం పెట్టుకుంది. గట్టు మిగిలింది, పీట మిగిలింది. రెండేళ్ళకు నల్లరాయి కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకుంటే, "రాయికి సానపట్టారు," అని అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించింది. ఆమె ఎడమచేత్తో వండటం నేర్చుకుంది. గట్టు కింద గిన్నెల కోసం వంగినప్పుడల్లా గోడ మీద ఆ బూడిద మరక కనబడేది. మూడుసార్లు ఇంటికి సున్నాలు వేయించారు. మూడుసార్లూ ఆ జానెడు చోటు వదిలేయమని ఆమె పనివాళ్ళకు చెప్పింది. రాతిగట్టు మీద మాత్రం పంతొమ్మిదేళ్ళలో ఒక్క మరకా పడలేదు.

పంతొమ్మిదో ఏట, అత్తగారు పోయిన నెల తిరిగాక, మేస్త్రీకి ఒక ఉత్తరం వచ్చింది. అక్షరాలు ఎడమ వైపుకు ఒరిగి ఉన్నాయి.

"మేస్త్రీ గారికి నమస్కారం.

మీరు పని మానేశారని తెలిసింది. అయినా మీ అబ్బాయిని పంపకండి, మీరే రండి. ఫోనులో చెబితే కొలతలు మారిపోతాయని రాస్తున్నాను. మా అబ్బాయి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. వంటగట్టు వేయాలి. రాయి నల్లదే తెండి. అది మాట తప్పలేదు.

వండేది నా కోడలు. మీ కొలబద్దలా నిటారుగా ఉంటుంది, నాకన్నా అడుగు పొడుగు. మీరు దాన్ని గోడ పక్కన నిలబెట్టి గీత గీయండి. దాన్ని చెయ్యి ఆన్చి చూసుకోనివ్వండి. తరువాత ఆ గీత చెరిపి, నా మోచేతికి జానెడు కిందుగా పెట్టండి.

వండేది ఈవిడ కదమ్మా, నడుము పోతుంది అని మీరు అంటారు. తప్పకుండా అనండి, అందుకే మిమ్మల్ని రమ్మంటున్నాను. ఏం చెప్పాలో నాకు తెలుసు. వంగడానికి ఈవిడకి నడుముందిగా."