పైడమ్మ మామ్మ చెప్పిన అంకె

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక అంకెను గుండెల మీద మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

అప్పుడు నేను గరివిడి చుట్టుపక్కల పల్లెల్లో ఒక చిన్న సంస్థకు పనిచేసేదాన్ని. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వారానికోసారి వెళ్లి గంటసేపు కబుర్లు చెప్పడం, అదే ఉద్యోగం. దానికి బయటి నుంచి గ్రాంటు వచ్చేది. నా వంతుకు వచ్చినవాళ్లలో పైడమ్మ మామ్మ ఒకరు. పిల్లల్లేరు, మొగుడు పోయి చాలా కాలమైంది. గురువారం నేను వెళ్లేసరికి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి అంబలి, సిద్ధంగా ఉంచేది. తన పెళ్లినాటి సంగతులు చెప్పి తనే పగలబడి నవ్వేది.

ఏడాది చివర ఒక ఫారం నింపాలి. ‘ఈ వారం మీతో ఎంతమంది మాట్లాడారు?’ అని ఒక ప్రశ్న. ఒంటరితనం తగ్గిందని చూపిస్తేనే గ్రాంటు మళ్లీ వస్తుందని పైవాళ్లు ముందే చెప్పారు.

“ఏటుంది సెప్పడానికి? నువ్వొక్కర్తివే గదే వస్తన్నావు. ఒకటని రాసీ” అంది మామ్మ.

సరేనని తలూపి, ఏడు వేశాను. కింద ఆమె వేలిముద్ర వేయించుకున్నాను. గ్రాంటు ఆగితే మామ్మ దగ్గరికి ఎవరు వస్తారు, ఇదంతా ఆమె కోసమే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజంగా ఆమె కోసమేనా? నా ఉద్యోగం కోసం కాదూ?

గ్రాంటు వచ్చింది. ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం. వెనకాలే కొత్త జాబితా కూడా వచ్చింది. మెరుగైనవాళ్లను తీసేసి కొత్తవాళ్లను చేర్చుకోవాలట. మొదట కొట్టేసిన పేరు మామ్మదే. వారంలో ఏడుగురితో మాట్లాడే మనిషికి నేనెందుకు? ఏడు నేను వేసిందేనని చెబితే నా పని పోతుంది. నోరు మూసుకున్నాను.

ఆఖరి గురువారం, ఇక రానని చెప్పాను. మామ్మ అంబలి గ్లాసు నా చేతికిచ్చింది.

“ఆ కాయితంలో నాను తప్పు సెప్పీసినానేటమ్మీ? ఇంకోపాలి అడుగు. ఈపాలి సరిగ్గా సెప్తాను.”

“అదేం కాదు మామ్మా, ఆఫీసు రూలు” అన్నాను.

ఆదివారం నా అంతట నేను వెళ్లొచ్చు కదా? ఎవరు వద్దన్నారు? వెళ్లలేదు. ఆమె మొహం చూడాలంటే సిగ్గేసింది, ఆ తర్వాత ఆ సిగ్గే అలవాటైపోయింది. ఒక గురువారం బస్సులో ఆ దారినే పోతుంటే అరుగు మీద కుర్చీ కనిపించింది. ఖాళీగా ఉంది. నేను దిగలేదు. మరుసటి ఏడాది మామ్మ పోయిందని తెలిసింది.

తప్పు తనదేననుకుని పోయింది. ఛీ, నా బతుకు! మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. కానీ మామ్మ సరిగ్గానే చెప్పింది, అది ఎవరో ఒకరికి తెలియాలి. ఆ గడిలో ఉండాల్సిన అంకె ఒకటి. ఇన్నాళ్లకు రాశాను.